తంబూరాతో కాపురం

పాతబస్తీలో సుల్తాన్‌షాహీ దగ్గర మీర్ మోమిన్ దాయిరా అని ఒక పాత శ్మశానవాటిక ఉంది. కుతుబ్‌షాహీ కాలంలో హైదరాబాద్ నగరానికి రూపకల్పన చేసిన మంత్రి మీర్ మోమిన్ పేరు మీద వెలసిన చోటు అది. ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ సమాధి అక్కడే ఉంది. ఆయన 1968 ఏప్రిల్ 25న బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. పక్షవాతం వచ్చాక కూడా కొడుకు మునవ్వర్ అలీఖాన్‌ను తోడు పెట్టుకుని పాడుతూనే ఉన్న మనిషి. ఆయన పేరు తలుచుకోగానే ఒళ్ళో స్వరమండల్, బుర్ర మీసాలు, భారీ విగ్రహం కళ్ళ ముందు నిలుస్తాయి. కచేరీ ఫొటోలను ఇంకాస్త జాగ్రత్తగా చూస్తే వెనకాల నిటారుగా తంబూరాల దండులు కనిపిస్తాయి. వాటిని మీటినవాళ్ళ పేర్లు ఫొటో కింద ఉండవు. రికార్డు అట్ట మీదా చాలాసార్లు ఉండవు.

కచేరీలో అందరికంటే ముందు మొదలై అందరికంటే చివర ఆగేది తంబూరాయే. గాయకుడు ఊపిరి తీసుకునేటప్పుడూ, తబలా ఆగినప్పుడూ, సభలో దగ్గులు వినిపించేటప్పుడూ అది మోగుతూనే ఉంటుంది. ఇంటికొచ్చేసరికి దాని స్థానం బీరువా మీదికో, తలుపు వెనక్కో మారిపోతుంది. శాలిబండ, గౌలిపురా, అలియాబాద్ వైపు పాత తెలుగు ఇళ్ళల్లో, మరాఠీ ఇళ్ళల్లో తాతల నాటి తంబూరా ఇంకా ఉందంటే అదే గొప్ప. అలాంటిది ఇంట్లో ఉన్నవాళ్ళకీ, కొనాలనుకునేవాళ్ళకీ ఈ అధ్యాయం. సంగీతం రాదని వెనకాడనక్కర్లేదు. తంబూరాకు ముందు కావలసింది కాసేపు నోరు మూసుకుని వినే అలవాటు. ఈ రోజుల్లో సంగీతజ్ఞానం కంటే అరుదైనది అదే.

మామూలుగా దానికి నాలుగు తీగలు. మొదటిది పంచమం. తర్వాత రెండూ మధ్యస్థాయి షడ్జం, వాటిని సారణి, అనుసారణి అంటారు. నాలుగోది మంద్ర షడ్జం, ఇత్తడి తీగ. మిగతావి ఉక్కు తీగలు. మగ గొంతుకు తగ్గ పెద్ద తంబూరాల్లో పంచమానికి కూడా ఇత్తడో కంచో వాడతారు. మధ్యవేలితో పంచమం, చూపుడువేలితో మిగతా మూడూ, పా-సా-సా-సా అని వరసగా మీటడమే. మెట్లు లేవు, ఎడమచేతికి పని లేదు, రాగం లేదు, తాళం అసలే లేదు. చూసేవాళ్ళకు ఇంత తేలికైన వాయిద్యం ఇంకోటి ఉండదనిపిస్తుంది.

ఆ తేలిక వెనక ఏం జరుగుతోందో లెక్క తేల్చినవాడు విశాఖపట్నంలో పెరిగిన సి.వి. రామన్. తీగను ఏ బిందువు దగ్గర మీటుతామో, సరిగ్గా ఆ బిందువు దగ్గర కదలిక లేని అనుస్వరాలు (మూల స్వరంతో పాటు పలికే పై స్వరాలు) ఆ తీగలో వినిపించకూడదని పాశ్చాత్య శాస్త్రంలో యంగ్-హెల్మ్‌హోల్ట్జ్ సూత్రం చెబుతుంది. వీణ, తంబూరాల్లో మాత్రం అవి నిక్షేపంగా వినిపిస్తాయని రామన్ 1921లో కలకత్తాలో ప్రచురించిన చిన్న వ్యాసంలో చూపించారు. కారణం బ్రిడ్జి. వయొలిన్ బ్రిడ్జి అంచు సన్నగా ఉంటుంది, తీగ దాని మీద ఒక్క గీత దగ్గరే ఆనుతుంది. తంబూరా బ్రిడ్జి వెడల్పైన పలక, పైన కంటికి కనిపించీ కనిపించనంత వంపు. కంపించే తీగ ఆ వంపును ఒక్కో కదలికలో తాకి వదులుతూ ఉంటుంది. ఆ తాకిడే అనుస్వరాలను మళ్ళీ మళ్ళీ రేపుతుంది. అందుకే మంద్ర షడ్జం ఒక్కటే మీటినా కాసేపటికి అందులోంచి ఎవరూ మీటని అంతర గాంధారం పైకి తేలుతుంది. మన పెద్దలు దాన్ని స్వయంభూ స్వరం అన్నారు. లెక్క ప్రకారం అది ఆ తీగ అయిదో అనుస్వరం.

ఈ గాంధారం వినిపించడమే తంబూరా ఆరోగ్యానికి మొదటి పరీక్ష. వినిపించకపోతే శ్రుతో, బ్రిడ్జి మీది దారమో, బ్రిడ్జో ఎక్కడో తేడా ఉన్నట్టు. మిగతా సంరక్షణంతా ఈ ఒక్క స్వరం చుట్టూ తిరుగుతుంది.

వాయిద్యాన్ని మనిషిలా చూసుకున్న రాజు ఒకడు దక్కనులోనే ఉన్నాడు. బీజాపూర్ సుల్తాను రెండో ఇబ్రహీం ఆదిల్‌షా 1580 నుంచి 1627 వరకు పాలించాడు. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు బావ. తన ఏనుగుకు ఆతష్‌ఖాన్ అనీ, తంబూరుకు మోతీఖాన్ అనీ పేర్లు పెట్టుకుని, దక్కనీలో తాను రాసిన 'కితాబ్-ఎ-నౌరస్' పాటల్లో వాటినీ తలుచుకున్నాడు. ఏనుగుల సంగతి అటుంచితే, తంబూరాకు పేరు పెట్టడం చెడ్డ ఆలోచన కాదు. పేరున్నదాన్ని అటక మీదికి ఎక్కించడానికి చెయ్యి అంత తేలిగ్గా రాదు.

హైదరాబాద్‌లో కనిపించే తంబూరాలు ముఖ్యంగా రెండు రకాలు. సొరబుర్రతో చేసే మిరజ్ తంబూరా ఒకటి, పనసచెక్కతో చేసే తంజావూరు తంబూరా ఇంకొకటి. మిరజ్ మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా ఊరు. కత్తులు సానపట్టే షికల్‌గార్ కుటుంబాలు పందొమ్మిదో శతాబ్దంలో వాయిద్యాల పనిలోకి మళ్ళాయి. ఫరీద్‌సాహెబ్ షికల్‌గార్ పేరు అందులో మొదట చెబుతారు. బుర్రలు పండరిపురం, మంగళవేఢా వైపు పొలాల నుంచి వస్తాయి. కిరానా ఘరానాకు చెందిన అబ్దుల్ కరీంఖాన్ ఆ ఊళ్ళో స్థిరపడటం కూడా మిరజ్‌కు కలిసొచ్చింది. ఆయన తంబూరా శ్రుతి విషయంలో రాజీపడని మనిషి, వాయిద్యాలు స్వయంగా బాగుచేసుకునేవాడు. మిరజ్ సితార్‌కు, తంబూరాకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దక్షిణాది చెక్క తంబూరా గట్టిది, దెబ్బకు ఓర్చుకుంటుంది. బుర్ర తంబూరాది నిండైన నాదం, కానీ కోడిగుడ్డంత సున్నితం. బుర్రకథ చెప్పే కథకుడు భుజాన వేసుకునే తంబుర ఈ రెంటికీ చుట్టమే. అది శ్రుతితో పాటు దరువు కూడా వేస్తుంది, ఎండా వానా తట్టుకుంటుంది. దాని సంగతి వేరే చెప్పుకోవాలి.

ఇక శ్రుతి చెయ్యడం. రోజూ చెయ్యాల్సిన పని ఇదే, చాలామంది భయపడేదీ ఇదే. ముందుగా గొంతుకు సరిపడే ఆధార షడ్జం తెలియాలి. కర్ణాటక సంగీతంలో మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నర శ్రుతి చుట్టూ, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర శ్రుతి చుట్టూ పాడటం మామూలు. హిందుస్తానీవాళ్ళు హార్మోనియం మెట్ల రంగును బట్టి కాలీ ఏక్, సఫేద్ పాంచ్ అంటారు. ఆడవాళ్ళ తంబూరాను మగ శ్రుతికి దింపితే తీగలు వేలాడి గరగరమంటాయి. మగవాళ్ళ తంబూరాను ఆడ శ్రుతికి పెంచితే తీగ తెగుతుంది, ఒక్కోసారి పైపలకే కుంగుతుంది. ఏ తంబూరా ఏ శ్రుతికి చేశారో కొనేటప్పుడే అడిగి, ఒక చీటీ మీద రాసి గవిసెన జేబులో పెట్టుకుంటే మనవల కాలానికీ పనికొస్తుంది.

మధ్య తీగ ఒకదాన్ని ఫోన్‌తోనో, హార్మోనియంతోనో షడ్జానికి కలపాలి. అక్కడితో ఫోన్ పక్కన పెట్టెయ్యాలి. ఇది ముఖ్యం. రెండో షడ్జాన్ని మొదటి దానికి చెవితోనే కలపాలి. రెండు తీగలూ దగ్గరదగ్గరగా ఉండి కలవనప్పుడు నాదం వావ్... వావ్... అంటూ అలలుగా ఊగుతుంది. ఒక తీగ సెకనుకు 220 సార్లు, రెండోది 221 సార్లు కంపిస్తే సెకనుకు ఒక అల వస్తుంది. తేడా తగ్గేకొద్దీ అల సాగుతుంది, రెండు సెకన్లకొకటి, నాలుగు సెకన్లకొకటి. చివరికి అల పోయి నాదం నిలుస్తుంది. ఇందులో స్వరజ్ఞానంతో పని లేదు. అల ఉందా, పోయిందా అన్నదే ప్రశ్న. పదేళ్ళ పిల్లలు కూడా పట్టేస్తారు. పెద్దవాళ్ళకే మొదట్లో కష్టం, తొందర ఎక్కువ కాబట్టి.

తర్వాత మంద్రం, ఆఖర్న పంచమం. మంద్రంలో గాంధారం పలకాలి. పంచమం కుదిరితే దాని మూడో అనుస్వరంగా రిషభం లీలగా వినిపిస్తుంది. తీగను బిగించే బిరడాను తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పాలి, లేకపోతే జారుతుంది. శ్రుతి ఎక్కువైతే దించి సరిపెట్టుకోకూడదు. కావలసిన దానికంటే కాస్త కిందికి దించి, మళ్ళీ పైకి రావాలి. అలా వచ్చిన తీగ నిలబడుతుంది. బిరడాతో ముప్పాతిక పని అయ్యాక మిగతాది పూసలతో. బ్రిడ్జికి కింద, తీగలు కట్టిన వైపు ఉండే ఆ చిన్న పూసను బ్రిడ్జి నుంచి దూరంగా జరిపితే శ్రుతి పెరుగుతుంది, బ్రిడ్జి వైపుకు తెస్తే తగ్గుతుంది. తంబూరాను నిలబెట్టి చేసిన శ్రుతి పడుకోబెట్టగానే కాస్త మారొచ్చు. ఎలా పట్టుకుని మీటుతారో అలాగే పట్టుకుని శ్రుతి చెయ్యడం మేలు. మాల్‌కౌంస్ లాంటి పంచమం లేని రాగానికి హిందుస్తానీవాళ్ళు మొదటి తీగను మధ్యమానికి మారుస్తారు. కర్ణాటక కచేరీలో హిందోళం పాడినా పంచమాన్నే ఉంచేస్తారు.

శ్రుతి కుదిరినా తంబూరా ఇంకా పలకకపోవచ్చు. అప్పుడు జీవా సంగతి చూడాలి. బ్రిడ్జికీ తీగకీ మధ్య పెట్టే నూలుపోగే జీవా. కొందరు పట్టుదారం వాడతారు. తీగను ఒక చేత్తో మీటుతూ, ఇంకో చేత్తో దారం రెండు కొసలూ పట్టుకుని వెంట్రుకవాసి చొప్పున జరపాలి. మొదట నాదం పొడిగా, చెక్కను కొట్టినట్టు ఉంటుంది. జరుపుతూ ఉండగా ఒకచోట గుయ్యిమని ఝంకారం విచ్చుకుంటుంది, గది మూలల్లోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఆ చోటు దాటి ఇంకొక్క నూలువాసి పోతే రేకుడబ్బా మోత. వెనక్కి రావాలి. నాలుగు తీగలకూ నాలుగు చోట్లు, ఒకదానికి కుదిరిన చోటు పక్కదానికి కుదరదు. కుదిరాక మళ్ళీ కదపకూడదు. దారం నలిగి చదునైతే మార్చాలి. అరిగిపోయిన దారంతో నెలల తరబడి కుస్తీపట్టి, తంబూరా పాడైందని దుకాణానికి మోసుకెళ్ళేవాళ్ళున్నారు. దుకాణదారు కొత్త దారం పెట్టి పంపిస్తాడు.

దారం మార్చినా పలకకపోతే బ్రిడ్జి అరిగిందన్నమాట. పైన వేలిగోరు నడిపి చూస్తే తీగలు కోసిన గాళ్ళు తగులుతాయి. దీన్ని సరిచెయ్యడాన్ని పనివాళ్ళు జవారీ తియ్యడం అంటారు. బ్రిడ్జి పైభాగాన్ని ఆకురాయితో, గరుకు కాగితంతో అతి కొద్దిగా అరగదీస్తూ, మళ్ళీ తీగ బిగించి వింటూ, మళ్ళీ తీస్తూ చేసే పని. కంటి మీద కంటే చెవి మీద ఎక్కువ ఆధారపడ్డ పని. నాదం ఎంత విచ్చుకోవాలో, తెరిచిన 'ఖులీ' జవారీయా, మూసిన 'బంద్' జవారీయా అన్నది పాడేవాళ్ళే చెప్పాలి. కాబట్టి పనివాడి దగ్గర తంబూరా పడేసి రాకుండా, పక్కన కూర్చుని ఒకటి రెండు మాటలు పాడి వినిపించడం అవసరం. ఇంట్లో గరుకు కాగితం పట్టుకుని ఈ పని ఎవరూ చెయ్యకూడదు. తీసిన పొడి తిరిగి అతకదు.

పాతబస్తీ వాతావరణం తంబూరాకు మిత్రుడేమీ కాదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిబారుతుంది, చెక్క కుంచించుకుపోతుంది, బిరడాలు ఉన్నట్టుండి గిర్రున వదిలేస్తాయి. అప్పుడు బిరడా బయటికి తీసి, రంధ్రంలో ఆనే చోట సుద్దముక్క రుద్ది పెడితే పట్టు వస్తుంది. జూలై వచ్చేసరికి కథ తిరగబడుతుంది. చెక్క తేమకు ఉబ్బి బిరడా కదలనంటుంది. అప్పుడు సుద్దతో పాటు ఎండిన సబ్బుముక్క కాస్త రాయాలి. నూనె మాత్రం పొయ్యకూడదు, ఒక్క చుక్క చాలు బిరడా జీవితాంతం జారడానికి. తేమకు తీగలు కూడా చిలుం పడతాయి. మీటాక పొడి మెత్తటి గుడ్డతో తీగ కింద నుంచి కూడా తుడవాలి, వేళ్ళ చెమటే సగం తుప్పుకు కారణం. మాసిన తీగకు స్పష్టమైన స్వయంభూ స్వరం రాదు. అన్ని తీగలూ ఒకేసారి మార్చడం మంచిది, కొత్తా పాతా కలిస్తే నాదం కలవదు.

కూలర్ ముందు, ఏసీ గాలి సూటిగా తగిలే చోట, కిటికీ ఎండలో, వంటింటి గోడకు ఆనించి పెట్టకూడదు. గోడ మూలకు నిలబెట్టడం కంటే నేల మీద చుట్టకుదురు వేసి, దాని మీద బుర్ర ఆనేట్టు వెల్లకిలా పడుకోబెట్టడం క్షేమం. ఇళ్ళు ఇరుకైన చోట తంబూరాలు విరిగేది వాయించేటప్పుడు కాదు, మూలన నిలబెట్టినది ఎవరి కాలో తగిలి పడినప్పుడు. గవిసెన మందపాటి నూలుగుడ్డతో కుట్టించాలి. ప్లాస్టిక్ కవరు లోపల చెమ్మ పట్టి బుర్రకు బూజు వస్తుంది. వేపాకు ఎండబెట్టి గవిసెనలో వెయ్యడం పాత పద్ధతి, పురుగు చేరకుండా అది ఇప్పటికీ పనిచేస్తుంది. నెలల తరబడి మీటకుండా ఉంచాల్సి వస్తే తీగలను ఒకటి రెండు స్వరాలు కిందికి దించాలి. పూర్తిగా వదిలెయ్యనక్కర్లేదు. ఆటోలో తీసుకెళ్ళేటప్పుడు బుర్ర ఒళ్ళో ఉండాలి, దండి పైకి ఉండాలి. చార్మినార్ చుట్టుపక్కల రోడ్ల సంగతి తెలిసినవాళ్ళకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

పాత తంబూరా కొనేటప్పుడు పైపూత, నగిషీ చూసి మోసపోకూడదు. బిరడాల వైపు నుంచి ఒక కన్ను మూసి దండి వెంట చూస్తే వంకర తెలిసిపోతుంది. బుర్రను వేలి కణుపుతో అంతటా మెల్లగా తట్టాలి. ఒకేలా మోగుతూ ఒక్కచోట బొంగురుపోతే అక్కడ లోపల పగులుంది. బ్రిడ్జి కింద పైపలక గుంటపడితే వదిలెయ్యడమే మంచిది. మిగతావన్నీ బాగయ్యేవే. బుర్ర పగిలినా జిగురుతో, గుడ్డపట్టీతో, లక్కపూతతో అతికి పాతికేళ్ళు పలికించగల పనివాళ్ళున్నారు.

ఇంత తతంగం దేనికి, పెట్టె ఉంది కదా అని అడుగుతారు. నిజమే. 1979లో బెంగళూరులో జి. రాజ్‌నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబూరా తయారు చేసినప్పటి నుంచి గాయకుల ప్రయాణాలు తేలికయ్యాయి. ఇప్పుడు ఫోన్‌లోనే అన్ని శ్రుతులూ దొరుకుతాయి. హాస్టల్ గదిలో, రైల్లో, విమానం దిగిన ఊళ్ళో అవే గతి, వాటిని తక్కువ చెయ్యనక్కర్లేదు. కానీ పెట్టె ఎప్పుడూ శ్రుతి చేసే వస్తుంది. అల పోయేదాకా వినే పని అది మన చేత చేయించదు. రోజూ సాధనకు ముందు ఆ పది నిమిషాలు తంబూరా దగ్గర కూర్చున్న విద్యార్థికీ, మీట నొక్కి నేరుగా వర్ణం అందుకున్న విద్యార్థికీ చెవిలో తేడా ఏడాది తిరిగేసరికి గురువుకు తెలిసిపోతుంది. ఇంట్లో రెండూ ఉంటే పొద్దున తంబూరా, ప్రయాణంలో పెట్టె.

పండిట్ జస్‌రాజ్ తండ్రి మోతీరాం 1934లో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఆస్థానంలో విద్వాంసుడిగా చేరాల్సిన రోజునే హైదరాబాద్‌లో మరణించారు. అప్పటికి జస్‌రాజ్‌కు నాలుగేళ్ళు. తండ్రి పేరుతో, అన్న మణిరాం పేరుతో ఆయన 1972 నుంచి ఏటా ఈ ఊళ్ళో సంగీతోత్సవం జరిపించారు. అలాంటి కచేరీకి వెళ్ళినప్పుడు పావుగంట ముందుగా చేరుకోండి. తెర వెనకో, వేదిక మీదో తంబూరాలు కలుపుతుంటారు. గాయకుడు చెయ్యెత్తి ఆపి, ఒక పూసను జరిపించి, మళ్ళీ వినడం చూడండి. ఆ తర్వాత ఇంట్లో బీరువా మీదున్నదాన్ని కిందికి దించి, దుమ్ము దులిపి, ముందు రెండు షడ్జాలు కలిపి చూడండి. తీగలు తుప్పు పట్టి ఉంటే కొత్తవి వేయించండి, వాయిద్యం ఖర్చులో తీగల ఖర్చు ఎప్పుడూ తక్కువే.